జీపుబండి జీర్ణోద్ధరణము – యంత్రాంతర వృత్తాంతము

శిథిలమైన దేవాలయమును తిరిగి నిలువబెట్టుటకు మన ఆగమములలో జీర్ణోద్ధరణమని పేరు. పాత రాళ్లలో పనికివచ్చువానిని పదిలపరచి, పనికిరానివాని స్థానమున క్రొత్తవానిని నిలుపుట అందలి పద్ధతి. మూలమూర్తిని కదలింపవలసి వచ్చినచో బాలాలయమున కళలను నిలిపి, పని ముగిసిన పిమ్మట తిరిగి ప్రతిష్ఠ చేయుదురు. ఏది మార్పదగినది, ఏది మార్పరానిది అను విచారణ లేనిదే స్థపతి రాతిపై చేయి వేయడు.

ఇట్టి విచారణయే నేడు ఇనుప వస్తువుల విషయమునను అవసరమగుచున్నది. ఎనుబది యేండ్ల క్రిందటి జీపుబండ్లను వెదకి తెచ్చి, త్రుప్పు గీకి, రేకులు అతికి, రంగు వేసి తిరిగి నడుపుకొను అభిరుచి గలవారు మన దేశమున నెందరో యున్నారు. వారిలో పెక్కుమందికి బానెట్టు ఎత్తినంతనే ఒక చిక్కు ఎదురగుచున్నది. బండి పుట్టినప్పటి ఇంజను అందుండదు. దాని చోట మరియొకటి యుండును. లేదా ఏమియు నుండదు. అప్పుడు పెట్టవలసిన ఇంజను ఏది? పెట్టిన తరువాత ఆ బండిని పాతబండి యనవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానము జీపు చరిత్రలోనే వెదకవలసి యున్నది.

జీపు చరిత్రను ఇంజను చరిత్రనుండి విడదీసి చెప్పుట సాధ్యము కాదు. 1940 జూలైలో అమెరికా సైన్యము తేలికైన నాలుగు చక్రముల చోదనము గల బండి కావలెనని 135 సంస్థలకు వర్తమానము పంపెను. మొదట బండిని తయారుచేసి యిచ్చినది బాంటమ్ అను చిన్న సంస్థ. కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరు దాని నమూనాను గీచెను. ఆ బండి 1940 సెప్టెంబరు 23న మేరీలాండు రాష్ట్రమందలి హోలాబర్డు శిబిరమునకు చేరినది. దానిలోని కాంటినెంటల్ ఇంజను బలము 45 అశ్వశక్తులు. తరువాత ఫోర్డు సంస్థ ఒక బండిని తెచ్చెను. దాని ఇంజను పొలములో దున్నుటకై తయారైన ఫోర్డు–ఫెర్గూసన్ ట్రాక్టరు ఇంజనునకు కొలదిపాటి మార్పు చేసినదే. విల్లీస్–ఓవర్‌లాండ్ సంస్థ తెచ్చిన బండిలో మాత్రము ‘గో డెవిల్’ అను 60 అశ్వశక్తుల ఇంజను ఉండెను. బార్నీ రూస్ అను ఇంజనీరు పాత 48 అశ్వశక్తుల ఇంజనును భాగభాగముగా సంస్కరించి దానిని ఆ స్థితికి తెచ్చినవాడు.

పరీక్షలలో విల్లీస్ బండి బలమున మేటిగా నిలిచినను బరువు అడ్డు వచ్చినది. సైన్యము విధించిన హద్దు 2,160 పౌన్లు. విల్లీస్ బండి దానిని రెండు వందల పౌన్లకు పైగా మీరియుండెను. తేలికైన ఇంజనును తెచ్చి పెట్టినచో చిక్కు తీరియుండెడిది. రూస్ అందులకు ఒప్పుకొనలేదు. ఇంజనును ఉంచి, బండిలోని తక్కిన ప్రతి వస్తువును తూచి తగ్గించెను. అవసరమునకు మించి పొడవుగా నున్న బోల్టులను సైతము కురుచ చేయించెను. రంగు పూతల బరువును గూడ లెక్కించిరని చెప్పుదురు. 1941లో సైన్యము విల్లీస్ బండినే ప్రమాణముగా గ్రహించెను. ఆ సంవత్సరము నవంబరులో ఫోర్డు సంస్థయు తన ట్రాక్టరు ఇంజనును విడిచి విల్లీస్ నమూనానే తయారుచేయుటకు అంగీకరించెను. ఫోర్డు జీపునకు గల జి.పి.డబ్ల్యు. అను పేరులోని చివరి యక్షరము విల్లీసుకు గుర్తు. యుద్ధము ముగియునాటికి విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డు సుమారు 2,80,000 బండ్లను తయారుచేసినవి. ఇంజను కొరకు బండి తన యొడలు తగ్గించుకొనినదే గాని, బండి కొరకు ఇంజను తగ్గలేదు. మూలమూర్తి యెవరో దీనిని బట్టి తెలియుచున్నది.

అయితే ఆ మూలమూర్తి తన గర్భాలయమున స్థిరముగా నిలిచినది కొంతకాలమే. ఫోర్డు వారు ఇంజనుపై కొట్టిన సంఖ్యనే ఛాసీ పట్టెపైనను కొట్టెడివారు. తమ పనితనమునకు గుర్తుగా చిన్న బోల్టులపై సైతము ‘ఎఫ్’ అక్షరమును అచ్చువేసిరి. యుద్ధరంగమున ఈ జాగ్రత్తను పాటించు తీరిక యెవరికి నుండును? ఇంజను చెడిన బండికి మరమ్మతు డిపోలో సిద్ధముగా నున్న మరియొక ఇంజనును దించి బిగించి పంపెడివారు. విల్లీస్ ఇంజను ఫోర్డు బండిలోనికి, ఫోర్డు ఇంజను విల్లీస్ బండిలోనికి పోయినవి. రెండును ఒకే నమూనావి కనుక అమరికకు లోటు రాలేదు. పుట్టినప్పటి ఇంజనుతో నేటికిని నిలిచియున్న యుద్ధకాలపు జీపులు అరుదగుటకు ముఖ్యకారణ మిదియే. మూలరూపము, మూలరూపము అని పట్టుపట్టువారు ఈ సంగతిని ముందుగా గుర్తింపవలెను.

యుద్ధానంతరము మన దేశమునకు జీపు రెండు త్రోవల వచ్చినది. మొదటిది సైన్యము విడిచిన పాతబండ్ల త్రోవ. ఇందులో స్వతంత్ర భారతము తొలినాళ్లలోనే ఒక చేదు ఘట్టము కలదు. 1948లో లండనులోని మన హైకమిషను ద్వారా, బాగుచేసిన జీపులు రెండువేలు కొనుటకు ఒప్పందము జరిగెను. మద్రాసునకు వచ్చిన మొదటి 155 బండ్లును వాడుకకు పనికిరావని తేలినది. పార్లమెంటులో పెద్ద దుమారము లేచి, 1955లో ప్రభుత్వము విషయము ముగిసినదని ప్రకటించువరకు ఆ వివాదము నడచినది. ‘బాగుచేసిన బండి’ అను మాటకు విలువ బానెట్టు క్రింద నున్నదని దేశము నేర్చుకొనిన పాఠమునకు ఖరీదు కొంచెము కాదు.

రెండవది మహీంద్రా వారి త్రోవ. 1945లో ఉక్కు వ్యాపారమునకై మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరున స్థాపింపబడిన సంస్థ, దేశవిభజన తరువాత 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. విల్లీస్ వారి భాగములను తెప్పించి బొంబాయిలో బండ్లు కూర్చుటతో ఆరంభించి, క్రమముగా ఇచ్చటనే తయారుచేయు స్థితికి వచ్చినది. వీరు చేపట్టిన సి.జె. 3బి అను నమూనాకు మన కథలో ప్రత్యేకమైన స్థానము కలదు. 1953లో విల్లీస్ వారు గో డెవిల్ స్థానమున ‘హరికేన్’ అను క్రొత్త ఇంజనును జీపులో పెట్టిరి. బోరు, స్ట్రోకు పాతవే, ఘనపరిమాణము పాతదే. కాని గాలిని లోనికి తెచ్చు వాల్వులను బ్లాకునుండి పైనున్న హెడ్డులోనికి మార్చిరి. బలము 70 అశ్వశక్తులు దాటినది; ఇంజను ఎత్తును పెరిగినది. పాత బానెట్టు క్రింద అది పట్టలేదు. అప్పుడు వారు బానెట్టునే పైకి లేపిరి. అమెరికాలో ఈ నమూనా తయారీ 1968లో ఆగినది. మన దేశమున ఆ ఎత్తైన బానెట్టు అటుపిమ్మటను చాలకాలము నిలిచి, మనవారి మనస్సులలో జీపు రూపము అదియే యన్నట్లు పాతుకొనిపోయినది. మూతి యెత్తిన ఆ ముఖమునకు కారణము ఇంజను మార్పే యని యెరిగినవారు తక్కువ.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత జీపు పల్లెలకు సుపరిచితమైనది. బి.డి.ఓ. గారి జీపు వచ్చినదన్న పిల్లలు బడి విడిచి పరుగెత్తెడివారు. ప్రాజెక్టు పనులకు, మన్యపు దారులకు, ఎన్నికల ప్రచారమునకు, వరదల సమయమున సాయము తీసికొనిపోవుటకు ఆ బండియే ఆధారము. రోడ్డు లేనిచోట డొంకయే రోడ్డు. డొంక లేనిచోట చేనిగట్టే డొంక. ప్రభుత్వపు కార్యాలయములు వేలము వేసిన జీపులు క్రమముగా రైతుల చేతికి, కాంట్రాక్టరుల చేతికి, సవారీలు తోలుకొనువారి చేతికి వచ్చినవి.

ఇక్కడ ధర అను శత్రువు ఎదురైనది. పెట్రోలు ఇంజను గల జీపు త్రాగుబోతు. 1973 నాటి చమురు సంక్షోభముతో పెట్రోలు వెల మండినది. డీజిలు వెలను ప్రభుత్వము వ్యవసాయమును, రవాణాను ఉద్దేశించి తక్కువగా నుంచినది. ఈ యంతరము దశాబ్దములపాటు కొనసాగినది. పెట్రోలు వెలపై అదుపు 2010లోను, డీజిలు వెలపై అదుపు 2014లోను తొలగువరకు పరిస్థితి యించుమించు ఇంతే. దానికి తోడు డీజిలు ఇంజను సహజముగనే తక్కువ నూనెతో ఎక్కువ దూరము లాగును. సవారీల బండికి దినమునకు మిగులునది నాలుగు రూకలైనపుడు యజమాని ఏమి చేయును? పెట్రోలు ఇంజనును దించి ప్రక్కన బెట్టి, డీజిలు ఇంజనును దింపించెను. ఎవరును మెచ్చుకొనుటకు చేసిన పని కాదు. బండి అమ్ముకొనక నిలుపుకొనుటకు చేసిన పని.

ఈ పని వినుటకు సులువుగా నుండును గాని చేయుటకు కాదు. మొదటి చిక్కు సంధిలో నున్నది. ఇంజను వెనుక పళ్లెమునకును గేరుబాక్సు ముందరి బెల్ హౌసింగునకును బోల్టుల రంధ్రములు కలియవు. వాని నడుమ మందమైన ఇనుప పలకను లేతుపై కోసి బిగింపవలెను. ఆ పలకలో కేంద్రము వెండ్రుకవాసి తప్పినను క్రాంకు ఒక గీతను, గేరుబాక్సు ఇరుసు మరియొక గీతను తిరుగును. బండి కదలును, కాని కొన్ని మాసములలో బేరింగు అరిగి, క్లచ్చి అదరి, గేరు జారును. ప్రయోగకౌశలము గల మేస్త్రీ దీనిని డయలు పెట్టి చూచుకొని బిగించును. తొందరపాటు గలవాడు సుత్తితో సరిచేయును. ఫ్లైవీలు, క్లచ్చిపళ్లెము పళ్ల లెక్క, స్టార్టరు పట్టు – ఇవి యన్నియు ఈ సంధికి సంబంధించినవే.

రెండవది బరువు. డీజిలు ఇంజను నిప్పురవ్వతో గాక, గాలిని గట్టిగా నొక్కిన వేడితోనే నూనెను మండించును. గో డెవిల్‌లో గాలి నొక్కుడు ఆరున్నర రెట్లు మాత్రమే. డీజిలులో అది అంతకు మూడు రెట్ల వరకు నుండును. ఆ ఒత్తిడికి ఆగుటకై బ్లాకు, క్రాంకు, హెడ్డు అన్నియు బలిసియుండవలెను. ముందు కమానులు క్రుంగును. క్రింది చాంబరు ముందరి ఇరుసునకు తగులకుండ ఇంజనును పైకెత్తవలెను. ఎత్తినచో బానెట్టు మూయదు. హరికేన్ కొరకు లేపిన సి.జె. 3బి బానెట్టు ఈ విషయమున మనవారికి అనుకోని వరమైనది. దాని అదురును అట్టిదే. రబ్బరు దిమ్మలు చాలనిచో ఛాసీ అడ్డపట్టెలు చీలును. ఆరు వోల్టుల పాత బ్యాటరీ ఇంతటి ఇంజనును త్రిప్పజాలదు. వైరింగు సర్వము పన్నెండు వోల్టులకు మార్పవలెను.

మూడవ చిక్కు లెక్కలోనిది. దీనిని చాలమంది ముందుగా చూచుకొనరు. యుద్ధకాలపు జీపు వెనుక ఇరుసు నిష్పత్తి 4.88. అనగా గేరుబాక్సు ఇరుసు 4.88 మార్లు తిరిగిన చక్రము ఒక మారు తిరుగును. 16 అంగుళముల టైరు ఒక చుట్టునకు రమారమి 2 మీటర్ల 23 సెంటీమీటర్లు నడచును. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనుతో గంటకు సుమారు 110 కిలోమీటర్లు లెక్కకు వచ్చును. నిమిషమునకు 2,500 చుట్లకే తృప్తిపడు ట్రాక్టరు జాతి ఇంజనును అదే ఇరుసుకు తగిలించినచో వేగము 68 కిలోమీటర్లు దాటదు. సి.జె. 3బి నిష్పత్తి 5.38, దానితో 62. బురదలో ఎద్దువలె లాగును, రోడ్డుమీద ఎద్దువలెనే నడచును. ఇరుసు పళ్లను గూడ మార్చినగాని ఈ లోటు తీరదు. ఇంజను మార్చితిమనుకొన్నవారు చివరకు రేడియేటరు మొదలు వెనుక ఇరుసు వరకు మార్చి కూర్చుందురు.

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల మేస్త్రీలకు ఇట్టి పనులు క్రొత్తవి కావు. వారు చేసిన దానినే కర్మాగారమును చేసినది. మహీంద్రా వారు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థతో కలిసి ట్రాక్టరుల కంపెనీ నెలకొల్పిరి. అందుండి బి–275 ట్రాక్టరు వచ్చినది. ఆ ట్రాక్టరు సంతతికి చెందిన డీజిలు ఇంజనునే తరువాత జీపులలో పెట్టిరి. 1940లో ఫోర్డు వారి ట్రాక్టరు ఇంజను సైన్యపు పరీక్షలో వెనుకబడి జీపునుండి తొలగినది. కొన్ని దశాబ్దములకు మన పొలములలో వేరొక ట్రాక్టరు ఇంజను జీపులో ప్రవేశించి నెగ్గినది. అటు 1979లో ఫ్రాన్సు దేశపు ప్యుజో సంస్థతో ఒప్పందము కుదిరి ఎక్స్.డి.పి. 4.90 ఇంజను వచ్చినది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. పేరులోనే లెక్క యున్నది. ఇంటర్నేషనల్ ఇంజను ముదుక గొంతును, ప్యుజో మెత్తని పరుగును చెవితోనే గుర్తించి చెప్పు డ్రైవర్లు మన ప్రాంతములలో ఉండెడివారు.

కనుక మన దేశపు జీపునకు డీజిలు ఇంజను అపచారము కాదు, దాని రెండవ జన్మ. ఇప్పుడు దీనికి అడ్డువచ్చునది కొంత అభిరుచి, కొంత చట్టము. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఏబది సంవత్సరములు దాటిన వాహనములకు ప్రత్యేక నమోదు విధానమును ప్రకటించెను. వానికి ‘వి.ఎ.’ అక్షరములతో సంఖ్య నిత్తురు. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. గడువు పది యేండ్లు. ప్రదర్శనలకు, పాతబండ్ల ఊరేగింపులకు, పరిశోధనకు, నూనె పోయించుటకు, మరమ్మతులకు తప్ప రోడ్డెక్కరాదు. ఇందులకు ముఖ్యమైన నియమమేమనగా, బండి మూలరూపమున నుండవలెను. ఛాసీకి గాని, బాడీకి గాని, ఇంజనుకు గాని పెద్ద మార్పు జరిగియుండరాదు. ప్రదర్శనశాలలో కూర్చున్న బండికి ఈ నియమము చక్కగా సరిపోవును. నలుబది యేండ్లు బురదలో తిరిగి, యజమానితో పాటు కష్టపడి, డీజిలు ఇంజనుతో బ్రతికి బయటపడిన బండికి మాత్రము ఆ పంక్తిలో పీట లేదు. ఇంజను మార్పు వలననే అది పాతసామానుల దుకాణమునకు పోక మిగిలినదన్న సంగతిని నియమము లెక్కించలేదు. ఇది నియమకర్తల దోషమనుటకంటె, మూలరూపమను మాటను పుట్టిననాటి రూపమని మాత్రమే అర్థము చేసికొనుటలోని కొరత యనుట మేలు.

చట్టము కఠినముగా నుండుటకును కారణము లేకపోలేదు. పాత జీపు ముఖము మాత్రము ఉంచి, లోపల ఎంతో బలిసిన ఇంజనును, వెడల్పు టైర్లను, తోచిన బ్రేకులను కూర్చి, దానికి జీర్ణోద్ధరణమని పేరు పెట్టువారును కలరు. 60 అశ్వశక్తులకు గీచిన ఛాసీ, ఆ వేగమునకు చాలిన డ్రమ్ము బ్రేకులు, రెండింతల బలమునకు ఎట్లు ఆగును? తయారుచేసినవారి వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది ఇట్టివానిని ఉద్దేశించుటకు ఎంతయో తగియున్నది.

మరి సాధుమార్గ మేది? మన సాహిత్యమున దీనికి పోలిక కలదు. నన్నయ భారతమున అరణ్యపర్వము నడుమ ఆగిపోయినది. తిక్కన దానిని ముట్టక విరాటపర్వము నుండి ఆరంభించెను. ఎఱ్ఱన వచ్చి ఆ కొరతను పూరించెను. నన్నయ శైలికి ఒదిగి, ఆ కృతిపతి యైన రాజరాజనరేంద్రునికే అంకితము నిలిపి, పూరించిన సంగతిని పర్వాంతమున తెలిపెను. అతడు అతుకును దాచలేదు. అతుకు కనబడి చదువరికి రోత పుట్టునట్లును చేయలేదు. పాత జీపునకు వేరు ఇంజను పెట్టువాడు ఎఱ్ఱన తోవను పోవలెను. యుద్ధకాలపు ఎం.బి. గాని జి.పి.డబ్ల్యు. గాని ఖాళీ ఛాసీతో దొరికినచో గో డెవిల్‌ను వెదకి పెట్టుట న్యాయము. భాగములు నేటికిని దొరకుచున్నవి. సి.జె. 3బిలో ఇంటర్నేషనల్ ఇంజను బహుకాలముగా నున్నచో దానిని పెరికి పారవేసి అమెరికానుండి హరికేన్‌ను తెప్పించుట, వెల చూచినను చరిత్ర చూచినను, వృథాయాస. ఏ ఇంజను పెట్టినను ఛాసీ పట్టెను కోయరాదు. బోల్టులతో బిగించినది మరియొక తరమువాడు విప్పగలడు. కోసి అతికినది విప్పలేడు. దించిన ఇంజనును తుక్కునకు వేయక, దాని సంఖ్యతో సహా బండి కాగితముల ప్రక్కన వ్రాసి యుంచవలెను. ఇంజను మార్చిన పదునాలుగు దినములలో నమోదు అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను విధించుచున్నది. చాలమంది దీనిని భారముగా తలంతురు గాని, ఆ చీటీ యొక్కటియే ఏబది యేండ్ల తరువాత బండి కథను చెప్పగల సాక్ష్యము. మేస్త్రీ పేరును, ఊరును, తేదీని గూడ ఆ ప్రక్కన చేర్చిన మంచిది. చట్టము అడుగకపోయినను చదువువారు అడుగుదురు.

బండి కొనువారు మొదట చూడవలసిన చోటు ఎడమవైపు ఛాసీ పట్టె పైభాగము. ఫోర్డు జీపైనచో ముందరి బంపరు వెనుక, ఇంజను దిమ్మకు ముందు, రంగు పొరలు మెల్లగా గీకిన అంకెలు బయటపడును. సైన్యపు ఆకుపచ్చ, ఆఫీసు తెలుపు, సవారీల నాటి నీలము – ఒక్కొక్క పొర ఒక్కొక్క యజమాని. అడుగున నున్న ఆ అంకెలు, ఏనాడో దించివేయబడి ఎక్కడ నున్నదో తెలియని మొదటి ఇంజనువి.